స్కోరు 18, వయసు 46, ముట్లు ఆగలేదు: కీమో తప్పదా, ఓవరీలని ఆపితే చాలదా?

పెద్దచెల్లెలు:
మా అక్కకి 46. రొమ్ములో గడ్డ, ఆపరేషన్ అయిపోయింది. హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం), హెర్2 అనే ప్రోటీన్ నెగటివ్, చంకలో నోడ్స్ (లింఫ్ గ్రంథులు) క్లీన్, అంటే అక్కడికి పాకలేదు. ఆంకోటైప్ అని, జబ్బు తిరగబెట్టే రిస్కు చెప్పే 21 జీన్ల టెస్టు చేస్తే స్కోరు 18 వచ్చింది (స్కోరు పెరిగితే రిస్కు ఎక్కువట). ఒక డాక్టరుగారు కీమో ఇద్దాం అంటున్నారు, ఇంకొకరు ఓవరీలని ఆపే ఇంజెక్షనూ మాత్రలూ చాలు అంటున్నారు. తమాషా ఏంటంటే ఇద్దరూ టైలర్ఎక్స్ అనే ఒకే ట్రయల్ పేరు చెప్తున్నారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఆర్ఎన్ఏ_పిచ్చోడు:
ఇందులో తమాషా ఏం లేదండి, ఆ గొడవ ట్రయల్లోనే ఉంది. 2018లో వచ్చింది అది. స్కోరు 11 నుంచి 25 వచ్చిన 6,700 మందికి పైగా ఆడవాళ్ళని ర్యాండమ్‌గా రెండు గుంపులు చేసి, ఒకళ్ళకి హార్మోన్ మందు ఒక్కటే, ఇంకొకళ్ళకి దాంతో పాటు కీమో ఇచ్చారు. తొమ్మిదేళ్ళ తర్వాత వేరే అవయవాలకి పాకనివాళ్ళు 94.5 శాతం, 95 శాతం. అంటే తేడా లేనట్టే. కానీ 50 ఏళ్ళు, ఆ లోపు ఉన్నవాళ్ళని విడిగా తీస్తే కీమో లాభం 16–20 స్కోరులో 1.6 శాతం, 21–25లో 6.5 శాతం కనపడింది. ఇప్పుడు ప్రశ్న, ఈ లాభం కీమో క్యాన్సర్ కణాల్ని చంపడం వల్ల వచ్చిందా, ఓవరీల్ని దెబ్బకొట్టి ముట్లు ఆపేయడం వల్ల వచ్చిందా? ఆ టెస్టులో 16 జీన్లు క్యాన్సర్‌వి, 5 పోలిక కోసం పెట్టినవి. ఆ 16లో కణాలు ఎంత జోరుగా విడిపోతున్నాయో చెప్పే జీన్లకి బరువు బాగా ఎక్కువ. కీమో పట్టుకునేది ముఖ్యంగా అలా విడిపోయే కణాలనే. సరే, అదే స్కోరు ఉన్న పెద్దవయసు వాళ్ళలో కీమోకి లాభం లేదు, ముట్లు ఆగనివాళ్ళలో ఉంది అంటే తేడా గడ్డలో ఉందా ఓవరీలో ఉందా మీరే చెప్పండి. పైగా ఆ లాభం 46–50 మధ్య ముట్లు ఆగనివాళ్ళలో ఎక్కువ, 40 లోపు వాళ్ళలో కనపడలేదు. చిన్నవయసు వాళ్ళకి కీమో అయ్యాక ముట్లు మళ్ళీ మొదలవుతాయి కదా, అందుకని.

గీత_దాటను:
కథ బాగుంది. కానీ ఆ ట్రయల్లో ఓవరీల్ని ఆపడాన్ని ర్యాండమ్ చెయ్యలేదు. అసలు ఆ ఇంజెక్షన్ తీసుకున్నదే కొద్దిమంది. చెయ్యని పోలికకి జవాబు ఎక్కణ్ణుంచి వచ్చింది మీకు? నేను ఓపీలో కూర్చుని పేషెంట్లని చూసేవాణ్ణి, సబ్‌గ్రూపులో సబ్‌గ్రూపు తీసి మనిషికి మందు ఆపలేను.

ఆర్ఎన్ఏ_పిచ్చోడు:
ఒక్క ట్రయల్ కాదు సార్. 2021లో ఆర్ఎక్స్‌పాండర్ వచ్చింది, ఒకటి నుంచి మూడు నోడ్స్ ఉండి స్కోరు 25 దాటనివాళ్ళ మీద. ముట్లాగినవాళ్ళలో ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు కీమోతో 91.3, కీమో లేకుండా 91.9. ముట్లు ఆగనివాళ్ళలో 93.9, 89. రెండు వేరే ట్రయల్స్, గీత మాత్రం ఒక్కచోటే పడింది, ముట్లు ఆగాయా లేదా అన్నచోట.

గీత_దాటను:
అందులో కూడా ఓవరీల్ని ఆపడం ర్యాండమ్ చెయ్యలేదు. ఇంకో సంగతి, ఓవరీల్ని ఆపడం మీదే చేసిన సాఫ్ట్ అనే ట్రయల్లో కీమో అక్కర్లేదనుకున్నవాళ్ళ గుంపు తీసుకోండి, టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్రకి ఓవరీల్ని ఆపడం కలిపితే వాళ్ళకి అదనంగా వచ్చింది చాలా చిన్నది. మీరు చెప్పినంత గొప్ప మందైతే అక్కడ కూడా బాగా కనపడాలి కదా.

ఆర్ఎన్ఏ_పిచ్చోడు:
వాళ్ళ రిస్కే తక్కువ, తగ్గించడానికి ఏముందక్కడ? ఇది కూడా చెప్పాలా మీకు.

తిమ్మిరి_వేళ్ళు:
నేను మామూలు మనిషిని, ట్రయల్స్ తెలీవు. నాకు 44లో వచ్చింది, స్కోరు 17, నోడ్స్ లేవు. కీమో ఇచ్చారు. అందులో టాక్సేన్ మందు వల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి, అది అయిపోయి ఏళ్ళు గడిచినా ఇప్పటికీ జాకెట్టు హుక్కులు నేను పెట్టుకోలేను, మా అమ్మాయి పెడుతుంది, అది ఇంట్లో లేని రోజు ముందు జిప్పు ఉన్నవే వేసుకుంటా. అప్పట్లో ఎందుకు ఇస్తున్నారండీ అని అడిగితే సేఫ్ సైడ్ అన్నారు, అంతే. ఓవరీలని ఆపే ఇంజెక్షన్ అనేది ఒకటుందని కూడా చెప్పలేదు. 1.6 అన్న అంకె ఇవాళ ఈ థ్రెడ్లోనే మొదటిసారి చూస్తున్నా.

గీత_దాటను:
బాధగానే ఉందండి. కానీ ఒక్కరి అనుభవం డేటా కాదు.

తిమ్మిరి_వేళ్ళు:
డేటా అవ్వాలని రాయలేదండీ. నన్ను ఎవరైనా అడిగారా అని రాశాను.

వదినకోసం:
మా వదిన కీమో వద్దనుకుంది. మూడేళ్ళకి ఎముకల్లో తేలింది. ఈ శాతాలు మాకు చెప్పకండి.

ఆర్ఎన్ఏ_పిచ్చోడు:
ఆవిడ స్కోరెంత? హార్మోన్ పాజిటివేనా?

వదినకోసం:
నీకు మనిషి కనపడదా తమ్ముడూ.

మధ్యలో_ఒకడు:
పాప్‌కార్న్ 🍿

గీత_దాటను:
తియ్యగా మాట్లాడటం నాకు రాదు, ఉన్నది చెప్తా. ఇక్కడ మెకానిజం గురించి రాయడం తేలిక. కీమో ఇవ్వకుండా జబ్బు తిరగబెట్టిందనుకోండి, ఆ మనిషి భర్తో కొడుకో వచ్చి నా ముందు కూర్చుని ఎందుకివ్వలేదు అని అడుగుతారు, ఈ ఆర్ఎన్ఏ గారిని అడగరు. ఇచ్చాక వేళ్ళు మొద్దుబారాయని వచ్చి ఇంతవరకూ ఎవరూ నిలదియ్యలేదు నన్ను. తేలని చోట నేను ఇచ్చే వైపే ఉంటా.

తిమ్మిరి_వేళ్ళు:
నిలదియ్యడానికి నేనూ వెళ్ళలేదు, బతికించారు కదా అని నోరు మూసుకున్నా. మీ దగ్గర కూడా అలా నోరు మూసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో. మీకు తేలనిది నాకు తేలలేదని చెప్తే నేనేం ఎంచుకునేదాన్నో నాకే తెలీదు, బహుశా కీమోనే అనేదాన్నేమో. కానీ ఆ ముక్క చెప్పాలి కదా సార్.

ఆర్ఎన్ఏ_పిచ్చోడు:
అదే నేను మొదట్నుంచీ అంటున్నది.

తిమ్మిరి_వేళ్ళు:
మీరు అన్నది అది కాదులే బాబూ. మీరు ఓవరీ అన్నారు.

స్లైడు_కింద:
పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. ఇంతసేపు కొట్టుకున్నారు, గడ్డ సైజెంత, గ్రేడెంత (కణాలు మామూలు వాటికి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది) అని ఒక్కళ్ళు అడగలేదు. పెద్దచెల్లెలు గారూ, బయాప్సీది కాదు, ఆపరేషన్ తర్వాత వచ్చిన రిపోర్టు చూసి చెప్పండి.

పెద్దచెల్లెలు:
1.4 సెంటీమీటర్లు, గ్రేడ్ 2 అని ఉందండి.

స్లైడు_కింద:
మరి అది ముందే రాయాల్సింది. టైలర్ఎక్స్ వాళ్ళే 2019లో సైజూ గ్రేడూ కలిపి మళ్ళీ లెక్క వేశారు. గ్రేడ్ 1 అయితే 3 సెంటీమీటర్లు, గ్రేడ్ 2 అయితే 2, గ్రేడ్ 3 అయితే 1, ఇవి దాటకపోతే క్లినికల్ రిస్కు తక్కువ అన్నట్టు. 50 లోపు, స్కోరు 16–20, రిస్కు తక్కువ ఉన్నవాళ్ళలో కీమో లాభం దాదాపు సున్నా. అదే స్కోరుకి రిస్కు ఎక్కువైతే 6.5 శాతం చుట్టూ. మీ అక్కగారు మొదటి గుంపులోకి వస్తారు. స్కోరు 21 నుంచి 25 అయితే మాత్రం రిస్కు తక్కువున్నా లాభం 6 శాతం పైనే కనపడింది, కాబట్టి ఇది చూసి వేరేవాళ్ళు ధైర్యం తెచ్చుకోవద్దు.

గీత_దాటను:
అది కూడా సబ్‌గ్రూపే. అయితే 1.4, గ్రేడ్ 2 అయితే నేను కీమో కోసం పట్టుబట్టను. ఓవరీ సంగతి మాత్రం తేలలేదు అన్న మాట మీదే ఉన్నా.

ఆర్ఎన్ఏ_పిచ్చోడు:
తేల్చడానికే ఆఫ్‌సెట్ అని ట్రయల్ నడుస్తోంది, అందరికీ ఓవరీల్ని ఆపి, సగం మందికి కీమో కలిపి చూస్తున్నారు. అందులో నోడ్స్ లేనివాళ్ళకి 21–25 స్కోరు ఉండాలి, 16–20 అయితే క్లినికల్ రిస్కు ఎక్కువ ఉండాలి. అక్కగారు అందులోకి రారు, కానీ ప్రశ్న ఇదే.

గీత_దాటను:
అది వచ్చాక మాట్లాడండి.

తిమ్మిరి_వేళ్ళు:
పెద్దచెల్లెలూ, ఇంజెక్షన్ అంటే ఏదో ఊరికే అనుకోకమ్మా. ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి, ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి నిద్ర ఉండదు, కీళ్ళు పట్టేస్తాయి, ఎముకలు పలచబడతాయి. నాకు కీమో తర్వాత ముట్లు ఎలాగూ ఆగిపోయాయి కాబట్టి అవన్నీ తెలుసు. మొదలుపెట్టే ముందే ఎముకల సాంద్రత స్కాన్ చేయించమని అడగండి, ఎన్నేళ్ళు వాడాలో కూడా అడగండి.

పెద్దచెల్లెలు:
అడుగుతా అక్కా. సోమవారం కీమో అన్న డాక్టరుగారి దగ్గరికే ముందు వెళ్తున్నాం, ఈ సైజూ గ్రేడూ చూసే చెప్పారా లేక స్కోరు చూసి చెప్పారా అని అడగాలి. అక్క మాత్రం నాకు జుట్టు పోకపోతే చాలు అంటోంది, ఇదంతా చదివి వినిపిస్తే సగంలోనే లేచి వెళ్ళిపోయింది.