హైదరాబాద్ కామిక్ కాన్‌లో తెలుగు కామిక్స్‌కి విడిగా చోటు ఇవ్వాలా?

అట్టకిరీటం:
కిందటిసారి కామిక్ కాన్ అనే కామిక్స్, సినిమా, గేముల అభిమానుల మేళా చూడ్డానికి ఘటోత్కచుడి వేషం వేసుకుని హైటెక్స్‌కి వెళ్లాను. ఫోమ్ షీటుతో గద చేశాను, అమ్మ పాత పట్టుచీర జరీ అంచు కోసి కిరీటం చుట్టూ అంటించాను. లోపల అడుగు పెట్టానో లేదో, పదేళ్ల పిల్లాడొకడు నాతో ఫొటో దిగి "ఇది ఏ యానిమే అన్నా?" అన్నాడు. జపాన్ కార్టూన్ అనుకున్నాడన్నమాట. నవ్వొచ్చింది గానీ కాస్త గుచ్చుకుంది కూడా. 2013లో మన ఊరికి వచ్చిన పండగ ఇది. తెలుగు బొమ్మల కథలు వేసేవాళ్లకి కొన్ని టేబుళ్లు తక్కువ అద్దెకు ఇమ్మని నిర్వాహకులను అడుగుదామా? నేనైతే అడగాలంటాను.

పాత సంచిక:
అడగాల్సిందే. పేరులో కామిక్ ఉంది, లోపలేమో ఎటు చూసినా టీషర్టులు, కీచైన్లు. చందమామలో శంకర్ గారు గీసిన బేతాళుణ్ని చూసి రాత్రి పెరట్లోకి వెళ్లడానికి జడిసినవాళ్లం మేము.

కీబోర్డు వీరుడు:
చందమామ కామిక్ కాదండీ. కథ పక్కన బొమ్మ వేయడం వేరు, గళ్లలో కథ నడపడం వేరు. అమెరికాలోని శాన్ డియాగో కామిక్ కాన్ 1970లో మొదలైనప్పుడు వచ్చింది మూడు వందల మందే. ఇప్పుడు లక్ష దాటారు, అక్కడా సినిమావాళ్లదే హడావిడి. జనం దేనికొస్తే అదే ఉంటుంది. పిల్లలు యానిమే కోసం వస్తున్నారు, రానివ్వండి.

సిరా మరక:
నేను బొమ్మలేసేవాణ్ని. ఆమధ్య ఓ మేళాలో టేబుల్ తీసుకున్నాను, ఏదని అడగొద్దు. 24 పేజీల తెలుగు కామిక్, 150 రూపాయలు. నలభై కాపీలు వేయిస్తే రెండు రోజుల్లో పదకొండు పోయాయి. పక్కనే పెట్టిన పిల్లి స్టిక్కర్లు మాత్రం మొదటిరోజు మధ్యాహ్నానికే ఖాళీ. పుస్తకం తిరగేసినవాళ్లు "ఇంగ్లీషులో లేదా?" అని అడిగారు, అడిగింది చక్కటి తెలుగులోనే! అద్దె తగ్గితే నా నష్టం తగ్గుతుంది, చదివేవాళ్లు పెరగరు. పైగా 'తెలుగు విభాగం' అని బోర్డు కడితే ఊరగాయల స్టాల్‌ని చూసినట్టు చూసి దాటిపోతారు. నన్ను యానిమే పోస్టర్ల పక్కనే కూర్చోనివ్వండి చాలు.

అట్టకిరీటం:
పక్కన కూర్చోవాలన్నా అద్దె కట్టాలిగా అన్నా! టోక్యోలో కామికెట్ అనే కామిక్స్ మేళా చూడండి. 1975లో 32 బృందాలతో మొదలైంది. అభిమానులు వేసుకున్న పుస్తకాలను అభిమానులే కొంటారు. వచ్చినవాళ్లను కస్టమర్లు అనరు, అందరూ పాల్గొనేవాళ్లే.

కీబోర్డు వీరుడు:
అది అభిమానులు నడుపుకునేది. ఇక్కడ మేళా నడిపే కామిక్ కాన్ ఇండియాని 2024లో నాడ్విన్ గేమింగ్ కొనేసింది. గేమింగ్ కంపెనీ గేములు చూపిస్తుంది గానీ బేతాళుణ్ని చూపిస్తుందా?

సిరా మరక:
అందుకే కోటా వద్దంటున్నా. ఒక టేబుల్‌ని నలుగురం పంచుకోనివ్వమని అడుగుదాం. వాళ్లకొచ్చే అద్దె వాళ్లకొస్తుంది, మాకు నాలుగో వంతే పడుతుంది.

పాత సంచిక:
ఇది బాగుంది. ఉత్తరం రాయండి, నేనూ సంతకం పెడతాను. ఇంతకీ ఆ పిల్లాడికి ఏం చెప్పారు?

అట్టకిరీటం:
"మాయాబజార్" అన్నాను. "ఎన్ని సీజన్లు?" అన్నాడు. వాళ్ల నాన్న అక్కడే నిలబడి ఫోన్‌లో లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడే సీన్ పెట్టి చూపించాడు. రెండుసార్లు చూసి, గద ఒకసారి ఇమ్మన్నాడు. తిరిగి తీసుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.