తెలియని కోడ్ చదవడానికి డీబగ్గర్ పనికొస్తుందా? (రెడిస్ 7.2, జీడీబీ)

కొత్తకోడ్77

అందరికీ నమస్తే. సీ లాంగ్వేజ్ వచ్చు, పాయింటర్లు, స్ట్రక్చర్లతో ఇబ్బంది లేదు. రెడిస్ (కీ-విలువ జతలు మెమరీలో దాచే డేటాబేస్ సర్వర్) 7.2 సోర్స్‌లో ఒక కొత్త కమాండ్ చేర్చాలి, అందుకని ముందు ఉన్న కోడ్ అర్థం చేసుకుంటున్నా. మెయిన్ దగ్గర మొదలుపెట్టి, గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికే టూల్) కొడుతూ ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కి వెళ్తున్నా. "కాల్" అనే ఫంక్షన్‌లోకి వచ్చేసరికి దారి మూసుకుపోతోంది. అక్కడ అసలు పని చేసే లైను ఇది: సీ->సీఎండీ->ప్రాక్(సీ). ఫంక్షన్ పాయింటర్ కాబట్టి అవతల ఏ ఫంక్షన్ ఉందో గ్రెప్ చెప్పలేదు.

జీడీబీలో (ప్రోగ్రామ్‌ని ఎక్కడికక్కడ ఆపి, లైను లైనుగా నడిపి చూపించే డీబగ్గర్) పెట్టి మెయిన్ నుంచి స్టెప్ కొడితే కాన్ఫిగ్ లోడ్ చేయడం, హ్యాష్ సీడ్, లొకేల్ అంటూ ఎక్కడెక్కడికో పోతోంది. అసలు విషయం దాకా వెళ్లనే లేదు.

డీబగ్గర్ ఉన్నది బగ్ పట్టుకోవడానికే, కోడ్ అర్థం కావాలంటే కూర్చుని చదవాల్సిందే అంటున్నారు కొందరు. నిజమేనా? వాడొచ్చు అంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లమల

పనికొస్తుందండీ, కాకపోతే మీరు తిరగేసి వాడుతున్నారు. మెయిన్ నుంచి కిందికి దిగొద్దు. మీకు తెలిసిన పని ఏదో ఒకటి జరిగే చోట, అంటే చిట్టచివర బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) పెట్టి, అక్కణ్ణుంచి పైకి చూడండి. రెడిస్‌లో గెట్ కమాండ్ అందరికీ తెలిసిందే. దాని పని చేసే ఫంక్షన్ పేరు గెట్‌కమాండ్, టీ_స్ట్రింగ్ ఫైల్లో ఉంటుంది.

ముందు బిల్డ్. మామూలు బిల్డ్‌లో ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి వేరియబుల్ అడిగితే "ఆప్టిమైజ్డ్ అవుట్" అంటుంది, చిన్న ఫంక్షన్లు పెద్దవాటిలో కలిసిపోయి బ్యాక్‌ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) మాయమవుతాయి, నెక్స్ట్ కొడితే కర్సర్ లైన్ల మధ్య ముందుకీ వెనక్కీ గెంతుతుంది. రెడిస్ మేక్‌ఫైల్లో దీనికోసమే ఒక టార్గెట్ ఉంది: "మేక్ డిస్ట్‌క్లీన్" కొట్టి, తర్వాత "మేక్ నోఆప్ట్". అది -ఓ0తో, అంటే ఆప్టిమైజేషన్ లేకుండా కడుతుంది.

తర్వాత సర్వర్‌ని జీడీబీ కిందే మొదలుపెట్టండి. "జీడీబీ --ఆర్గ్స్" తర్వాత సర్వర్ పేరు, "--పోర్ట్ 7777". మామూలు 6379 పోర్ట్ వదిలేయడం మంచిది, మెషీన్‌లో ఇంకో రెడిస్ నడుస్తుంటే దానితో గొడవ రాదు. "బ్రేక్ గెట్‌కమాండ్", "రన్". ఇంకో టెర్మినల్లో "రెడిస్-సీఎల్ఐ -పీ 7777" (రెడిస్‌కి కమాండ్లు పంపే ప్రోగ్రామ్) తెరిచి "సెట్ ఎక్స్ 12345", ఆ తర్వాత "గెట్ ఎక్స్". సీఎల్ఐ అలాగే ఆగిపోతుంది, కంగారు పడొద్దు, అవతల సర్వర్ మీ చేతిలో ఉంది.

ఇప్పుడు "బీటీ" (బ్యాక్‌ట్రేస్) కొట్టండి. కింద నుంచి పైకి వచ్చే వరస ఇది: మెయిన్, ఏఈమెయిన్, ఏఈప్రాసెస్‌ఈవెంట్స్, సాకెట్ హ్యాండ్లర్లు రెండు, రీడ్‌క్వెరీఫ్రమ్‌క్లయింట్, ప్రాసెస్‌ఇన్‌పుట్‌బఫర్, ప్రాసెస్‌కమాండ్‌అండ్‌రీసెట్‌క్లయింట్, ప్రాసెస్‌కమాండ్, కాల్, గెట్‌కమాండ్. రిక్వెస్ట్ సాకెట్లోంచి వచ్చి ఫంక్షన్ దాకా చేరిన దారి మొత్తం ఒక్క స్క్రీన్‌లో వచ్చేసింది. దీన్ని ఒక ఫైల్లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఇక చదవాల్సిన ఫంక్షన్లు ఇవే, మిగతావాటి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

మీరు ఆగిపోయిన చోటికి వద్దాం. "అప్" ఒకసారి కొడితే కాల్ ఫ్రేమ్‌లోకి వెళ్తారు. అక్కడ "పీ సీ->సీఎండీ->ప్రాక్" అడగండి. అడ్రస్ పక్కనే కోణాల గుర్తుల మధ్య గెట్‌కమాండ్ అని పేరు చూపిస్తుంది. "పీ *సీ->సీఎండీ" అడిగితే స్ట్రక్చర్ మొత్తం బయటపడుతుంది: పేరు, ఎన్ని ఆర్గ్యుమెంట్లో చెప్పే ఎరిటీ (గెట్‌కి 2, కమాండ్ పేరుతో కలిపి లెక్క), ఫ్లాగ్స్. మీరు చేర్చబోయే కమాండ్‌కీ ఈ గళ్లన్నీ నింపాలన్నమాట. అవి చేత్తో రాసేవి కావు. కమాండ్స్ ఫోల్డర్లో ఒక్కో కమాండ్‌కి ఒక జేసన్ ఫైల్ ఉంటుంది, దాన్నుంచి ఒక పైథాన్ స్క్రిప్ట్ టేబుల్‌ని తయారుచేస్తుంది. గెట్ తాలూకు జేసన్ పక్కన పెట్టుకుని జీడీబీ చూపించిన స్ట్రక్చర్‌తో పోల్చి చూడండి, ఏ గడి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇంకొకటి. "టీబ్రేక్ గెట్‌జెనరిక్‌కమాండ్" (ఒక్కసారే ఆగే బ్రేక్‌పాయింట్) పెట్టి కంటిన్యూ చేయండి. ఆగాక, కీ వెతికే లైను దాటేవరకు నెక్స్ట్ కొట్టి "పీ *ఓ" చూడండి. టైప్ 0, ఎన్‌కోడింగ్ 1, పీటీఆర్ విలువ 0ఎక్స్3039. అంత చిన్న అడ్రస్ ఏమిటా అనిపిస్తుంది. అది అడ్రస్ కాదు. హెక్స్ 3039 అంటే 12345. అంకె పాయింటర్ గడిలోనే కూర్చుంది, వేరే మెమరీ తీసుకోలేదు. ఎన్‌కోడింగ్ 1 అంటే ఇంటిజర్. అదే "సెట్ ఎక్స్ హలో" చేసి మళ్లీ చూస్తే ఎన్‌కోడింగ్ 8, పీటీఆర్‌లో నిజమైన అడ్రస్. పీటీఆర్ వాయిడ్ పాయింటర్ కాబట్టి దాన్ని క్యారెక్టర్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసి ప్రింట్ చేస్తే హలో అని చదవొచ్చు. కొత్త కమాండ్ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ చూడకుండా పీటీఆర్‌ని స్ట్రింగ్ అనుకుని వాడితే ఎందుకు క్రాష్ అవుతుందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు

నల్లమల గారు చెప్పినవన్నీ సరైనవే, కానీ ఆ బ్యాక్‌ట్రేస్‌ని మ్యాప్ అనుకుంటేనే ప్రమాదం. డీబగ్గర్ చూపించేది ఒక్క ఇన్‌పుట్‌కి జరిగిన ఒక్క దారి. ప్రాసెస్‌కమాండ్ తెరిచి చూడండి, చాంతాడంత ఫంక్షన్. పాస్‌వర్డ్ ఇచ్చారా, క్లస్టర్ మోడా, మ్యాక్స్‌మెమరీ దాటిందా, డిస్క్ మీద రాయడం ఫెయిలైందా, ఇది రీడ్-ఓన్లీ రెప్లికానా, మల్టీ (ట్రాన్సాక్షన్) లోపల ఉన్నామా అని వరసగా అడుగుతుంది. మీ లాప్‌టాప్ మీద ఒంటరి సర్వర్‌లో గెట్ కొడితే ఆ కండిషన్లలో ఒక్కటీ నిజం కాదు. స్టెప్ కొట్టుకుంటూ పోతే అన్నీ జారిపోతాయి, "ఓహో, ఏమీ లేదు" అనుకుంటారు. కొత్త కమాండ్ రాసేవాళ్లకి ముఖ్యమైంది అదే భాగం, మీరు పెట్టే ఫ్లాగ్స్‌ని చూసి తిప్పికొట్టేది అక్కడే. దాన్ని కళ్లతో చదవాల్సిందే.

"ఎందుకు ఇలా రాశారు" అన్నది కూడా జీడీబీకి తెలియదు. దానికి గిట్ బ్లేమ్ (ఏ లైను ఏ కమిట్‌లో వచ్చిందో చూపేది), ఆ కమిట్ మెసేజ్. టెస్ట్స్ ఫోల్డర్ కూడా చూడండి, టీసీఎల్‌లో ఉన్నా చదవడం కష్టం కాదు.

లినస్ టోర్వాల్డ్స్ 2000లోనే డీబగ్గర్లంటే తనకు పడదని లినక్స్ కెర్నల్ వాళ్లకి బాహాటంగా చెప్పేశాడు. కేజీడీబీ (కెర్నల్ కోసం ఉన్న డీబగ్గర్) అసలు కెర్నల్లోకి వచ్చింది 2.6.26లో, అంటే 2008. నేను అంత దూరం పోను గానీ, గంటసేపు స్టెప్ కొట్టినవాళ్లకంటే పావుగంట సర్వర్ హెడర్ ఫైల్ చదివినవాళ్లకే క్లయింట్ స్ట్రక్చర్ బాగా తెలుస్తుంది అన్నది మాత్రం ఖాయం.

నల్లమల

సుబ్బు గారూ, ఆ కండిషన్ల సంగతి ఒప్పుకుంటా. అయితే చదివాక ఒక్కోదాన్నీ నిజం చేసి చూడొచ్చు కదా. "కాన్ఫిగ్ సెట్ మ్యాక్స్‌మెమరీ 1" కొట్టి, తర్వాత ఒక సెట్ పంపితే ఆ కొమ్మలోకే వెళ్తుంది. పాలసీ నోఎవిక్షన్ (పాత కీలు తీసేయొద్దు అని) కాబట్టి ఓఓఎం (మెమరీ చాలదు) ఎర్రర్ వస్తుంది. రిజెక్ట్‌కమాండ్ మీద బ్రేక్ పెడితే ఎక్కణ్ణుంచి తిప్పికొట్టిందో బీటీలో లైన్ నంబర్‌తో సహా దొరుకుతుంది.

కొత్తకోడ్77

థాంక్స్ నల్లమల గారూ, సుబ్బు గారూ. బీటీ సరిగ్గా అలాగే వచ్చింది. 0ఎక్స్3039 కూడా చూశా.

ఇప్పుడు మూడు చోట్ల ఇరుక్కున్నా.

ప్రాసెస్‌కమాండ్ మీద బ్రేక్ పెడితే నేను ఏమీ టైప్ చేయకముందే, సీఎల్ఐ తెరవగానే ఆగుతోంది.

గెట్‌కమాండ్ అయిపోయేదాకా ఫినిష్ కొట్టినా సీఎల్ఐలో జవాబు రాలేదు. యాడ్‌రిప్లై పిలిచింది కదా, మరి జవాబు ఎవరు పంపుతున్నారు? కనుక్కుందామని, విలువ మారినప్పుడు ఆపే వాచ్‌పాయింట్‌గా "వాచ్ సీ->బఫ్‌పాస్" పెట్టా. కాసేపటికి, ప్రోగ్రామ్ ఆ బ్లాక్ దాటి వెళ్లిపోయింది కాబట్టి వాచ్‌పాయింట్ తీసేశానంటూ మెసేజ్ ఇచ్చి ఆగింది.

బీజీసేవ్ (డేటాని వెనకాల డిస్క్ మీద రాసే కమాండ్) లోపల ఏం జరుగుతుందో చూద్దామని ఆర్‌డీబీసేవ్ మీద బ్రేక్ పెడితే అసలు ఆగనే లేదు, ఫైల్ మాత్రం తయారైంది.

గోదారిగట్టు

మొదటిది: 7.0 నుంచి సీఎల్ఐ ఇంటరాక్టివ్‌గా తెరవగానే హెల్ప్ సూచనల కోసం "కమాండ్ డాక్స్" తనే పంపుతుంది. ఆ ఆగేది దానికే. ఒకసారి కంటిన్యూ కొట్టేయండి, లేదా "రెడిస్-సీఎల్ఐ -పీ 7777 గెట్ ఎక్స్" అని ఒకే లైన్లో పంపండి, అప్పుడు అది పంపదు. ప్రాసెస్‌కమాండ్‌కి కండిషన్ పెట్టొచ్చు గానీ, కండిషన్ తప్పైనా ప్రతిసారీ ప్రోగ్రామ్ ఆగి, జీడీబీ లెక్క చూసి మళ్లీ వదులుతుంది. లోడ్ ఉన్న సర్వర్ మీద పెడితే నత్తనడకే.

రెండోది అసలైన ప్రశ్న. మీరు పెట్టిన వాచ్‌లో "సీ" అనేది ఆ ఫంక్షన్ లోకల్ వేరియబుల్. ఫంక్షన్ అయిపోగానే ఆ పేరుకి అర్థం పోయింది, జీడీబీ వాచ్ తీసేసింది. మీకు కావాల్సింది పేరు కాదు, ఆ మెమరీ గడి. అందుకే "వాచ్ -ఎల్ సీ->బఫ్‌పాస్". గెట్‌కమాండ్‌లో ఆగి ఉన్నప్పుడే పెట్టి, కంటిన్యూ కొడుతూ పోండి. విలువ 12345 అయితే వరసగా ఇలా ఆగుతుంది:

0 నుంచి 4. డాలర్ గుర్తు, 5, లైన్ చివరి రెండు బైట్లు. అంటే "ఐదు బైట్ల జవాబు వస్తోంది" అనే హెడర్.
4 నుంచి 9. అసలు ఐదు అంకెలు.
9 నుంచి 11. చివరి రెండు బైట్లు.
11 నుంచి 0. ఇక్కడ బీటీ కొట్టండి.

మొదటి మూడింట్లోనూ బీటీలో గెట్‌కమాండ్ కనిపిస్తుంది. నాలుగోదాంట్లో కనిపించదు. రైట్‌టుక్లయింట్, దాన్ని పిలిచిన హ్యాండిల్‌క్లయింట్స్‌విత్‌పెండింగ్‌రైట్స్, దానికీ కింద బిఫోర్‌స్లీప్ ఉంటాయి. యాడ్‌రిప్లై జవాబుని బఫర్లో పడేసి ఊరుకుంటుంది, సాకెట్లోకి పంపేది ఈవెంట్ లూప్ మళ్లీ నిద్రలోకి పోయేముందు. బ్యాక్‌ట్రేస్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ రెండో సగం ఎప్పటికీ కనిపించదు. కాల్‌బ్యాక్‌లతో, క్యూలతో నడిచే ఏ కోడ్‌లోనైనా ఇదే తంతు, డేటా పడిన గడి మీద వాచ్ పెట్టడమే దారి.

ఎక్స్86 ప్రాసెసర్లో ఇలాంటి హార్డ్‌వేర్ వాచ్‌లు నాలుగే, ఒక్కోటి మహా అయితే 8 బైట్లు. స్ట్రక్చర్ మొత్తం మీద పెట్టబోతే జీడీబీ సాఫ్ట్‌వేర్ వాచ్‌కి మారిపోతుంది, అంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపి చూస్తుంది. ప్రోగ్రామ్ హ్యాంగ్ అయిందనిపిస్తుంది. పెట్టగానే "హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్" అని వచ్చిందో లేదో చూసుకోండి.

మూడోది: బీజీసేవ్ ఫోర్క్ చేస్తుంది, అంటే తన నకలుగా ఒక చైల్డ్ ప్రాసెస్‌ని పుట్టిస్తుంది, ఆర్‌డీబీసేవ్ నడిచేది చైల్డ్‌లో. జీడీబీ డిఫాల్ట్‌గా పేరెంట్‌నే పట్టుకుని చైల్డ్‌ని వదిలేస్తుంది. "సెట్ ఫాలో-ఫోర్క్-మోడ్ చైల్డ్" పెడితే ఆగుతుంది. ఊరికే ఆ ఫంక్షన్ ఎలా పనిచేస్తుందో చూడ్డానికైతే అంత తంటా ఎందుకు, బీజీసేవ్ బదులు "సేవ్" కొట్టండి. అదే ఆర్‌డీబీసేవ్, ఫోర్క్ లేకుండా అదే ప్రాసెస్‌లో.

ఈఎక్స్ 10 (10 సెకన్లకు చెల్లిపోయేలా) లాంటి ఎక్స్‌పైరీ పెట్టిన కీలతో ప్రయోగాలు చేసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. మీరు ప్రోగ్రామ్‌ని ఆపారు గానీ గడియారాన్ని ఆపలేదు. సెట్‌కీ గెట్‌కీ మధ్య జీడీబీలో తీరిగ్గా కూర్చుంటే కీ ఎగిరిపోతుంది, కోడ్‌లో ఏదో తప్పుందని వెతుక్కుంటారు. రెప్లికా తగిలించినా అంతే, రెప్లికేషన్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు, అది దాటితే లింక్ తెగి మళ్లీ సింక్ మొదలు.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు

ఆ గడియారం గొడవ లేకుండా చూడాలంటే ఆర్ఆర్ (ప్రోగ్రామ్ నడకని రికార్డ్ చేసి మళ్లీ నడిపించే డీబగ్గర్) వాడండి. మొజిల్లాలో పుట్టింది, లినక్స్‌లో నడుస్తుంది. "ఆర్ఆర్ రికార్డ్" తో సర్వర్ నడిపి, సెట్, గెట్ కొట్టి, ఆపేయండి. తర్వాత "ఆర్ఆర్ రీప్లే" అంటే జీడీబీ ప్రాంప్టే వస్తుంది. టైమ్ కూడా రికార్డ్‌లోంచే వస్తుంది కాబట్టి ఎంతసేపు ఆగినా కీ ఎక్స్‌పైర్ కాదు. ఎన్నిసార్లు రీప్లే చేసినా అడ్రస్‌లు అవే, నోట్స్‌లో రాసుకున్న పాయింటర్ విలువ రేపు కూడా పనికొస్తుంది. అన్నిటికంటే మేలైనది: చివర్లో ఆగి, గడి మీద "వాచ్ -ఎల్" పెట్టి "రివర్స్-కంటిన్యూ" కొడితే, దాన్ని ఆఖరున మార్చింది ఎవరో వెనక్కి వెళ్లి చూపిస్తుంది. డీబగ్గర్ మీద నా విసుగు మొత్తం ఆర్ఆర్‌కి వర్తించదు.

అది ప్రాసెసర్ పర్ఫార్మెన్స్ కౌంటర్ల మీద ఆధారపడుతుంది. పెర్ఫ్_ఈవెంట్_పారనాయిడ్ విలువ 1 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. కౌంటర్లు బయటపెట్టని క్లౌడ్ వర్చువల్ మెషీన్‌లో అయితే మొదలే కాదు. థ్రెడ్లన్నిటినీ ఒక్క కోర్ మీదే నడుపుతుంది కాబట్టి స్పీడ్ కొలతలకి పనికిరాదు.

కొత్తకోడ్77

4, 9, 11, 0 వచ్చేసింది. బిఫోర్‌స్లీప్ చూశా. ఇంకొకటే: టీమ్ టెస్ట్ సర్వర్‌లో ముందే నడుస్తున్న రెడిస్‌కి జీడీబీ అటాచ్ చేయబోతే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటోంది. యూజర్ ఒకడే, నాదే ప్రాసెస్.

గోదారిగట్టు

ఉబుంటు అయితే యామా (లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్) సెట్టింగ్, ప్రాక్ కింద పీట్రేస్_స్కోప్ ఫైల్లో 1 ఉంటుంది. అంటే తను పుట్టించిన ప్రాసెస్‌నే పట్టుకోనిస్తుంది. సుడోతో అటాచ్ చేయండి. డాకర్ లోపల అయితే కంటైనర్‌ని "--క్యాప్-యాడ్=సిస్_పీట్రేస్" తో లేపాలి.

కానీ టీమ్ అంతా వాడే సర్వర్ అంటున్నారు కాబట్టి: రెడిస్ కమాండ్లన్నీ నడిపేది ఒక్క మెయిన్ థ్రెడ్. మీరు అటాచ్ చేసిన క్షణం నుంచి దానికి తగులుకున్న ప్రతి అప్లికేషనూ ఆగిపోతుంది. పైగా ఆ బైనరీ ఆప్టిమైజేషన్‌తో కట్టి ఉంటుంది, సగం వేరియబుల్స్ కనిపించవు. బీటీ ఒక్కటే కావాలంటే "జీడీబీ -పీ" తర్వాత ప్రాసెస్ నంబర్, "-బ్యాచ్ -ఈఎక్స్ బీటీ" అని ఇవ్వండి. అటాచ్ అయి, ప్రింట్ చేసి, వదిలేసి తనే బయటికొస్తుంది. అంతకు మించి ఏం చూడాలన్నా మీ 7777 మీదే చూసుకోండి.