తాత చేసిన పాపానికి మనవడికి శిక్షా? దేవుడు ఎప్పుడూ న్యాయంగానే ఉంటాడా?

గాజువాక వాసి:
మా వీధిలో ఒక ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. ఆ ఇంటి బాబుకి పుట్టినప్పటి నుంచీ ఆరోగ్యం బాలేదు. వాక్యం చెప్పడానికి వచ్చినాయన నిర్గమకాండము 20:5 చదివి, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు వస్తుంది, ఇది మీ పెద్దవాళ్ళ పాపమే అన్నారు. తల్లి ముఖం చూడలేకపోయాం. అదే బైబిల్లో ద్వితీయోపదేశకాండము 24:16 తండ్రుల దోషానికి కొడుకుల్ని చంపకూడదంటుంది. యెహెజ్కేలు 18 అయితే ఎవరి పాపానికి వాళ్ళే బాధ్యులని అధ్యాయం మొత్తం వాదిస్తుంది. ఏది నమ్మాలి?

సీతమ్మధార నుంచి:
బ్రదర్, ఆ వచనం పూర్తిగా చదవండి. "నన్ను ద్వేషించువారి" విషయంలో అని ఉంది, ప్రేమించేవారికి వెయ్యి తరాల కరుణ అని కూడా ఉంది. తండ్రి తాగుడికి ఇల్లు అమ్ముకుంటే పిల్లలు రోడ్డున పడరా? అది శిక్ష కాదు, ఫలితం. ఇక 24:16 మనుషుల కోర్టుకి ఇచ్చిన చట్టం. ప్రాణం ఇచ్చినవాడికి ఆ చట్టం వర్తించదు.

సింహాచలం భక్తుడు:
మా గ్రంథాల్లోనూ ఈ ప్రశ్న ఉందండి. ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఇచ్చే దేవుడు పక్షపాతి, నిర్దయుడు కాడా అంటే, "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అని వేదాంత గ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో ఒక సూత్రం. జీవుల కర్మను బట్టే ఇస్తాడు కాబట్టి కాడు అని. మరి మొదటి కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలే లేదని తర్వాతి సూత్రం. కనీసం ఇక్కడ తాత లెక్క మనవడి మీద పడదు.

గాజువాక వాసి:
సింహాచలం గారూ, బాబుకి గుర్తే లేని జన్మ తప్పు అని చెప్పినా ఆ తల్లి ఏడుపు ఆగదండి.

సీతమ్మధార బ్రదర్, ఫలితం అనే మాట రెండవ సమూయేలు 21 దగ్గర నిలబడదు. మూడేళ్ళ కరువు. కారణం ఇశ్రాయేలు రాజు సౌలు గిబియోనీయులనే జాతివాళ్ళని చంపడం అని దేవుడే చెప్పాడు. సౌలు అప్పటికే చనిపోయాడు. తర్వాత రాజైన దావీదు సౌలు కొడుకులు, మనవళ్ళు ఏడుగురిని గిబియోనీయులకు అప్పగిస్తే వాళ్ళు ఉరితీశారు. చనిపోయిన ఏడుగురిలో ఇద్దరి తల్లి రిస్పా. కోతకాలం మొదలైనప్పటి నుంచి వాన పడేదాకా గోనెపట్ట పరుచుకుని శవాల దగ్గరే ఉంది, పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని తోలుతూ. ఆ సంగతి దావీదు చెవిన పడింది. అప్పుడు సౌలు, అతని కొడుకు యోనాతానుల ఎముకలు తెప్పించి పాతిపెట్టించాడు. దేవుడు దేశం కోసం చేసిన ప్రార్థన విన్నది "ఆ తరువాత" అని 14వ వచనం. ఉరి తీసిన వెంటనే అని రాయలేదు! రాసినవాడు ఆ తల్లిని కథలోంచి తీసేయవచ్చు, తీసేయలేదు. ఆమె పక్షాన దేవుడు ఉన్నాడనే నేను చదువుతున్నాను.

దేవుడికి చట్టం లేదన్నారు. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం గురించి అబ్రాహాము "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని ముఖం మీదే అడిగాడు. నోరు మూసుకో అనలేదు దేవుడు. పదిమంది నీతిమంతులు ఉన్నా నాశనం చేయనన్నాడు.

గోపాలపట్నం నుంచి:
2020 మే 7న తెల్లవారకముందే వెంకటాపురంలో గ్యాస్ లీకై పన్నెండు మంది పోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు మిగతా వైజాగ్ జనం కంటే పాపులా? సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే యేసు సరిగ్గా ఇదే అడిగి, కాదు అన్నాడు, లూకా 13లో. నీతిమంతుడైన యోబు కష్టాల్లో ఉంటే అతని స్నేహితులు కూడా దేవుణ్ణి సమర్థిస్తూ "నువ్వేదో పాపం చేశావు" అన్నవాళ్ళే. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ళ మీద.

సీతమ్మధార నుంచి:
రిస్పా గురించి మీరు చెప్పింది ఆలోచించాల్సిందే. కానీ ఆ ఏడుగురిని అప్పగించడం తప్పని వాక్యం ఎక్కడా చెప్పదు. దేవుడు అన్యాయం చేశాడని నేను ఒప్పుకోను, మనకి కనపడనిది చాలా ఉంది. అయితే బాబు విషయంలో వక్త మాట్లాడింది తప్పే. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు "వీడా, వీని కన్నవారా, ఎవరు పాపం చేశారు" అంటే ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. ఆదివారం ఆరాధన అయ్యాక మీ వీధికి వస్తాను, వాళ్ళింట్లో కూర్చుని యోహాను 9 చదువుదాం. మీరూ ఉండండి.