ఆంప్ మీద 12 / 24 డీబీ స్విచ్ ఎటు పెట్టాలి?

కొత్తసబ్:
కార్లో సబ్ వూఫర్‌కి (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) మోనో ఆంప్ పెట్టించాను. లో పాస్ (పై ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్) నాబ్ 80 హెర్ట్జ్ దగ్గరుంది, పక్కనే 12 డీబీ, 24 డీబీ అని చిన్న స్విచ్. 12లో బేస్ నిండుగా ఉంటోంది కానీ మగ గొంతు పాటలైతే సింగర్ డిక్కీలో కూర్చుని పాడుతున్నట్టుంది. 24లో ఆ గోల లేదు, బేస్ మాత్రం పలచబడింది. డోర్ స్పీకర్లకి హై పాస్ (కింద ఫ్రీక్వెన్సీలని తగ్గించేది) 80, 12 డీబీ, అది మార్చే వీల్లేదు. ఏది కరెక్టు?

వైరింగ్ వీరుడు:
సబ్ సౌండ్ 80 దగ్గర టక్కున ఆగిపోదు బ్రో, అక్కణ్ణుంచి తగ్గుతూ పోతుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ, అంటే 80 నుంచి 160కి, 160 నుంచి 320కి, ఎంత తగ్గాలన్నదే ఆ స్విచ్, దీన్నే స్లోప్ అంటారు. 12 డీబీ తగ్గితే పవర్‌లో పదహారో వంతు ఇంకా మిగిలుంటుంది, 24 అయితే దాదాపు 250వ వంతే. మగ గొంతు 100, 150 దగ్గరే మొదలవుతుంది, అందుకే 12లో సబ్‌లోంచి వినబడుతోంది. 24లోనే ఉంచు.

లోఎండ్:
24 సరే, కానీ బేస్ పలచబడిందన్నారు చూడండి, నాకు ఫేజ్ (సబ్, డోర్ స్పీకర్ల అలలు ఒకేసారి కదులుతున్నాయా లేదా అన్నది) మీదే అనుమానం. సబ్‌కీ, డోర్ స్పీకర్లకీ ఒకే స్లోప్ అయితే వాటి మధ్య 6 డీబీకి 90 డిగ్రీల చొప్పున తేడా వస్తుంది: రెండూ 12 అయితే 180, సబ్ ప్లస్ మైనస్ తిప్పేస్తే సరి, రెండూ 24 అయితే 360, తిప్పక్కర్లేదు. మీది ఒకటి 24, ఒకటి 12, ఎటు తిప్పినా కాగితం మీద పూర్తిగా కలవదు. పైగా డోర్ స్పీకర్ కింద ఫ్రీక్వెన్సీల్లో తనంతట తనే పడిపోతుంది, సబ్ ఏమో దూరంగా ఉంటుంది, కాబట్టి లెక్కలు పక్కన పెట్టి బేస్ గిటార్ బాగా వినబడే పాట ఒకటి వేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని ఫేజ్ 0, 180 రెండూ వినండి, ఏది నిండుగా ఉంటే అదే. ఆ తర్వాతే గెయిన్ (ఆంప్ లెవెల్) జోలికి వెళ్లండి. స్టీరియోలో కూడా సబ్‌కి లో పాస్ ఆన్ ఉందేమో చూడండి, రెండు ఫిల్టర్లూ కలిసి స్లోప్ పెరిగిపోతుంది.

కొత్తసబ్:
180లో కిక్ డ్రమ్ ముందునుంచే కొడుతున్నట్టుంది, థాంక్సండి. సబ్ బాక్స్ పోర్టెడ్ (గాలి గొట్టం ఉన్నది), సబ్‌సోనిక్ అని ఇంకో నాబ్ ఉంది, దాన్నేం చెయ్యాలి?

లోఎండ్:
సబ్‌సోనిక్ అంటే మరీ కింద ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్, పోర్టెడ్ అయితే ఆన్ చెయ్యాల్సిందే. బాక్స్ ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ (ఆ గొట్టం బాగా పలికే ఫ్రీక్వెన్సీ) కిందకి వెళ్తే స్పీకర్ కోన్‌కి గాలి పట్టు ఉండదు, విచ్చలవిడిగా ఊగుతుంది, సౌండ్ మాత్రం రాదు. బాక్స్ 35కి ట్యూన్ చేసి ఉంటే 30 దగ్గర పెట్టండి, స్లోప్ ఆప్షన్ ఉంటే 24.