‘నేర్వగరాని’లో ఆ ‘రా’ ఏం చెబుతోంది?

అరసున్న: చిలకమర్తివారి పాదం ఒకటి వదలడం లేదు. ‘ముదితల్ నేర్వగ–ని విద్య గలదే’... మధ్యలో ‘రాని’నా, ‘లేని’నా? మార్చి 8 నాటి పత్రికా శీర్షికల్లో రెండూ కనిపిస్తున్నాయి. లే కూడా గురువే కనుక గణాలు తేల్చవు.

యతిప్రాస: ‘రాని’యే. నరకాసుర యుద్ధం మీద చిలకమర్తివారు రాసిన నాటకం ప్రసన్నయాదవంలోని మత్తేభ పద్యం అది. ‘ముదితల్ నేర్వగరాని విద్య గలదే ముద్దార నేర్పించినన్’. ‘లేని’ అన్నది నోటి వాడుకలో దొర్లింది. అర్థం ఒకటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పాతసంచిక: అర్థం ఒకటే అంటే ఒప్పుకోనండీ. ‘లేని’ సామర్థ్యానికి మాత్రమే. ‘రాని’ రెండు వైపులా కోస్తుంది. ‘చెప్పరాని బాధ’ అంటే చెప్పశక్యం కానిది, ‘చెప్పరాని మాట’ అంటే చెప్పకూడనిది. అలాగే ‘నేర్వగరాని విద్య’ అంటే ఆడవాళ్లకు పట్టుబడని విద్యా, వాళ్లకు నిషేధించిన విద్యా? 1883లో వీరేశలింగంగారి సతీహితబోధిని, 1902లో హిందూసుందరి వంటి స్త్రీల పత్రికలు వచ్చిన కాలం ఇది. అప్పటి వాదం ఆడవాళ్లకు చదువు వస్తుందా అన్నదొక్కటే కాదు, ఏ చదువు తగును, ఎంతవరకు తగును అన్నది కూడా. నిషేధార్థం తీసుకుంటే పాదానికి పదును పెరుగుతుంది.

యతిప్రాస: పై మూడు పాదాలూ చూడండి. చదువన్ నేర్తురు, అదమన్ నేర్తురు, ఏలగలరు. అన్నీ శక్తినే చెబుతున్నాయి. నాలుగో పాదం ఒక్కటే అనుమతి గురించి మాట్లాడుతుందా? శక్యార్థమే.

పాతసంచిక: ఆ మూడు పాదాల చివరలు కూడా చూడాలి మరి. పఠింపించుచో, నేర్పుచో, ప్రతిష్ఠించుచో. నాలుగోది నేర్పించినన్. నాలుగింటికి నాలుగూ షరతులే! చదివిస్తే చదువుతారు, గద్దె మీద కూర్చోబెడితే ఏలుతారు. లోటు స్త్రీలో లేదు, అవకాశం ఇవ్వని వ్యవస్థలో ఉందన్నది పద్యం వాదన. పత్రికలు ‘గలదే’ దగ్గర కోసేస్తాయి. అక్కడితో షరతు ఎగిరిపోయి ‘ఆమె ఒంటిచేత్తో సాధించింది’ అన్న పొగడ్త మిగులుతుంది. బడి, బస్సు, హాస్టలు, జీతం, ఇవన్నీ శీర్షిక బయటే ఉండిపోతాయి.

కోడుపట్టిక: శీర్షికలు లెక్కించేవారికి రెండు మాటలు. మొత్తం పాదం ఇచ్చి వెతికితే సగం దొరకవు. ‘గలదే/కలదే’, ‘విద్యగలదే/విద్య గలదే’, ‘నేర్వగ రాని/నేర్వలేని’ ఇలా రకరకాలుగా అచ్చవుతుంది. ‘ముదిత’ అని మాత్రమే వెతికి, అక్కర్లేనివి చేత్తో తీసేయండి. బొమ్మలుగా స్కాన్ చేసిన సంచికల్లో వెతుకులాట పనిచేయదు, పేజీలు తిప్పాల్సిందే. మార్చి మొదటి రెండు వారాలే తీసుకుంటే అభినందన వార్తలే వస్తాయి. పరీక్షా ఫలితాల రోజులు, మామూలు నెలలు కూడా కలపండి. ఒక్కో శీర్షికకు మూడు గడులు చాలు: క్రియకు కర్త ఎవరు, షరతు ఉందా, వార్త లోపల ఏ వనరు ప్రస్తావన ఉంది. ఇద్దరు విడివిడిగా నింపాలి. ‘షరతు లేదు’ అన్నవే ఎక్కువ కనుక, ఎంత శాతం కలిసిందో చూసి మురిసిపోవద్దు. కాకతాళీయంగానే చాలా కలుస్తాయి. అలా కలిసినవాటిని మినహాయించి ఇద్దరి ఏకీభావాన్ని కొలిచే కోహెన్ కప్పా వేయాలి.

అరసున్న: ఇది చాలా పనికొస్తుంది. కానీ నేర్పించినన్ అన్నప్పుడు నేర్పించే కర్త మగవాడే కదా? అదీ ‘ముద్దార’ నేర్పించాలట. గారాబం చేసినట్టు లేదూ?

యతిప్రాస: ‘ము’కు పద్నాలుగో అక్షరం దగ్గర యతి పడాలి. అక్కడ ‘ముద్దార’ కుదిరింది. దాని మీద మరీ బరువు వేయకండి.

పాతసంచిక: యతి కోసం వచ్చిన మాటకు అర్థం ఉండదా? నోరార, కడుపార, ముద్దార. అంటే ప్రేమ నిండేట్టు. బెత్తంతో కాకుండా అని. కర్త సంగతి మాత్రం నిజం. భండారు అచ్చమాంబ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది, 1901కి స్త్రీల జీవిత చరిత్రలతో అబలా సచ్చరిత్ర రత్నమాల తెచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నేర్పింది అక్షరాలే, మిగతాది వాళ్లు నేర్చుకున్నదే. నేర్పించినవాడి లెక్కలో లేని విద్య అది.

పోతనపక్షం: నరకాసుర యుద్ధం నాటకం మాట వచ్చాక, సత్యభామ ఆ యుద్ధం చేసిన పోతన భాగవతాన్ని వదిలేస్తారా! ‘పరుఁ జూచున్ వరుఁ జూచు నొంప నలరింపన్’. అదీ మత్తేభమే. సత్యభామ కనుబొమ ముడి శత్రువు మీద రోషాన్ని, చిరునవ్వు భర్త మీద అనురాగాన్ని ఒకేసారి పలికిస్తాయి. అక్కడ విల్లు పట్టడం ఆమెకు సహజం, ఎవరూ నేర్పినట్టు ఉండదు. చిలకమర్తి ‘ధనుర్వ్యాపారముల్ నేర్పుచో’ అని దాన్ని పాఠం చేశాడు. పోతన సత్యభామకు పాఠశాల అక్కర్లేదు. నాకు ఆమే ఇష్టం.

పాతసంచిక: నాకు పాఠశాల ఉన్న సత్యభామే కావాలి. అందరూ పోతన నాయికలుగా పుట్టరు.

అరసున్న: ‘రాని’ సంగతి ఇంకా తేలలేదు. పాత అచ్చులో ‘నేర్వఁగ రాని’ అని అరసున్నతో ఉంటే?

యతిప్రాస: అరసున్న ఉంటే ‘నేర్వఁగన్’ అన్న తుమున్నర్థకమని తెలుస్తుంది, అంతే. ‘రాదు’ శక్యమా నిషేధమా అన్నది అది చెప్పదు. నేను శక్యార్థం దగ్గరే ఉన్నాను.

పాతసంచిక: నేను నిషేధం దగ్గర.