పాత వార్తల్లో ‘20త్ ఇన్‌స్టంట్’ అంటే ఏ తేదీ?

ప్రశ్న: 1842 మార్చి 3 నాటి ఇంగ్లిష్ పత్రికలో ఒక ఓడ ‘ఆన్ ది 20త్ ఇన్‌స్టంట్’ రేవు చేరిందని ఉంది. మార్చి 20 ఇంకా రానేలేదు కదా! ఇన్‌స్టంట్ అంటే ‘తక్షణం’ అనుకున్నా పొసగడం లేదు.

జవాబు: అక్కడ ఇన్‌స్టంట్ అంటే ‘ఈ నెల’ అండీ, లాటిన్ నుంచి వచ్చిన వాడుక. అల్టిమో అంటే పోయిన నెల, ప్రాక్సిమో అంటే వచ్చే నెల. అచ్చులో ఇన్‌స్ట్., అల్ట్., ప్రాక్స్. అని కుదించేవారు. అసలు మెలిక ఏమిటంటే, ‘ఈ నెల’ పత్రికది కాదు, ఆ వార్తను ఉత్తరంగా రాసి పంపినవాడిది. వార్త మొదట్లో ఊరి పేరు పక్కన తేదీ ఉందేమో చూడండి.

అడిగినవారు: ఉంది! ‘ఫిబ్రవరి 24’. అయితే ఓడ చేరింది ఫిబ్రవరి 20న అన్నమాట.

జవాబు: అంతే. ఆ తేదీ లేకపోతేనే తంటా. వేరే పత్రిక నుంచి ఎత్తిన వార్తలో ఇన్‌స్ట్.ను అల్ట్.గా మార్చకుండానే దించేసేవారు, కాబట్టి మూల పత్రిక వెతకాల్సిందే. జనవరి సంచికలో అల్ట్. కనిపిస్తే నెలతో పాటు సంవత్సరమూ వెనక్కి జరపాలి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు.

జవాబు: 18వ శతాబ్దపు పత్రికల స్కాన్లలో వెతికేటప్పుడు ఇంకో చిక్కు. అప్పటి పొడుగు ‘ఎస్’ అక్షరం అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది. కంప్యూటర్ దాన్ని ‘ఇన్‌ఫ్ట్’ అని చదువుతుంది. రెండు స్పెల్లింగులతోనూ వెతకండి.