అప్‌డేట్: టావ్ అంత బరువున్నా బేరియాన్ ఎందుకు కాదో అర్థమైంది

బేరియాన్ (ప్రోటాన్ లాంటి కణాల వర్గం) అంటే గ్రీకులో బరువైనది అని కదా, మరి 938 ఎంఈవీ (కణాల బరువు చెప్పే కొలత) ఉన్న ప్రోటాన్ కంటే దాదాపు రెట్టింపు బరువున్న టావ్ అనే కణాన్ని (1777 ఎంఈవీ) ఎలక్ట్రాన్ ఉండే లెప్టాన్లలో, అంటే తేలికవాటిలో ఎందుకు వేశారని పోయిన వారం అడిగాను. జవాబు చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.

నేను పట్టుకున్న కొసే తప్పు. ఆ పేర్లు పెట్టేనాటికి టావ్ ఎవరికీ తెలీదు, అది బయటపడింది 1975లో, అప్పటికే వర్గీకరణ బరువును వదిలేసి లోపల ఏముంది అనే దాని మీదికి వచ్చేసింది. మూడు క్వార్కులు (ప్రోటాన్ లాంటి వాటి లోపల ఉండే మూలకణాలు) ఉంటే బేరియాన్, ఒక క్వార్కు ఒక యాంటీక్వార్కు (క్వార్కుకు ప్రతికణం) ఉంటే మీసాన్, అసలు క్వార్కులే లేక బలమైన కేంద్రక బలానికి అందకపోతే లెప్టాన్. అందుకే 5279 ఎంఈవీ ఉన్న బి మీసాన్ కూడా మీసానే.

ఒకరు లాంబ్డా, సిగ్మా జీరో అనే రెండు బేరియాన్లను చూడమన్నారు, రాత్రి నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకున్నాను. రెండిటిలోనూ అప్, డౌన్, స్ట్రేంజ్ అనే మూడు రకాల క్వార్కులే! అయినా లాంబ్డా 1116 ఎంఈవీ, సిగ్మా జీరో 1193. లాంబ్డాలో అప్, డౌన్ క్వార్కుల స్పిన్‌లు (కణానికి సహజంగా ఉండే, తిరగడం లాంటి గుణం) ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, సిగ్మాలో కలిసి 1 అవుతాయి, తేడా అంతా అక్కడే. సిగ్మా జీరో ఒక ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, వదిలి లాంబ్డాగా మారిపోతుందని చదివాక ఆ 77 ఎంఈవీ ఎటు పోతుందో కూడా తెలిసింది, ఎంత అందంగా ఉందో!

ఇప్పుడు ఒమెగా మైనస్ అనే ఇంకో బేరియాన్ మొదలుపెట్టాను, మూడూ స్ట్రేంజ్ క్వార్కులే.